మా గాజుతొట్టి నేర్పిన పాఠము

మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రపు గదియందు తూర్పు కిటికీ ప్రక్కను ఒక గాజుతొట్టి యున్నది. దాని పొడవు మూడడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు అడుగున్నర. అందులో సుమారు 100 లీటర్ల నీరు, రెండంగుళముల మందమున గోదావరి యిసుక, కొంత నాచు, గడ్డివలె పొడవుగా పెరుగు నీటిమొక్కలు కొన్ని, నాలుగు నత్తలు, ఎనిమిది పరిగెలు గలవు. మోటారు లేదు, నీటిని వడపోయు యంత్రము లేదు, బుడగలు విడుచు గొట్టము లేదు. అయినను నీరు అద్దమువలె తేటగా నుండును. వార్షికోత్సవమునకు వచ్చిన తల్లిదండ్రులు ఈ తొట్టియెదుట నిలిచి, "ఈ నీటిని వారమునకు ఎన్నిమారులు మార్చుదురు? తొట్టిని ఎవరు కడుగుదురు?" అని యడుగుచుందురు. "దీనిని కడుగము, కడుగకుండుటయే దీని రహస్యము" అని మేము చెప్పగా వారు పరిహాసమని తలచి నవ్వుదురు. ఆ మాట యెంత నిజమో, దానిని తెలిసికొనుటకు ముందు మేమెంత నష్టపడితిమో, మావలన ఒక బాలుడెంత నొచ్చుకొనెనో ఈ సంచికయందు వ్రాయ సంకల్పించితిమి. ఇందు మా తప్పును దాచలేదు. ఉపాధ్యాయుడు తన తప్పును దాచినచో విద్యార్థి నేర్చుకొనవలసిన పాఠములో సగము మరుగుపడును.

2022వ సంవత్సరము జూను మాసమున మా పూర్వవిద్యార్థి యొకరు ఈ తొట్టిని పాఠశాలకు బహూకరించిరి. మా గదిలో సాయంకాలము బడి విడిచిన తరువాత విద్యుత్తు నిలిపివేయుదురు గనుక మోటారుతో పనిలేకయే చేపలను పెంచవలెనని మేము నిశ్చయించుకొంటిమి. ఇసుకను తెప్పించి తొమ్మిదిసారులు కడిగించితిమి. కడిగిన నీరు తేటపడువరకు వదలలేదు. పంపునీటితో తొట్టిని నింపితిమి. పరిశుభ్రతయే ఆరోగ్యమునకు మూలమని తరగతిలో ప్రతిదినము చెప్పువారము గదా, ఇచ్చట దానిని కన్నులకు కట్టినట్లు చూపితిమని సంతసించితిమి.

చేపలు తెచ్చుపని ఎనిమిదవ తరగతి బాలుడొకడు పూనుకొనెను. అతని గ్రామము ధవళేశ్వరమునకు దిగువను కాలువగట్టున నున్నది. ఆర్థరు కాటను దొరగారి పర్యవేక్షణయందు 1847 మొదలు 1852 వరకు కట్టబడిన ఆనకట్టనుండి బయలుదేరిన కాలువలే ఈ డెల్టాగ్రామములకు ప్రాణాధారము. ఆ కాలువలలో పరిగెలకు కొదువలేదు. ఆ బాలుడు ఒక సత్తుబిందెలో పండ్రెండు పరిగెలను వేసికొని, బస్సులో ఆ బిందెను ఒడిలో పెట్టుకొని, చొక్కా తడియుచున్నను లెక్కచేయక తెచ్చెను. ఆ సాయంకాలమే వానిని తొట్టిలో విడిచితిమి. మేత వేయు భారము అతనికే యప్పగించి, "ఉదయము గుప్పెడు, సాయంకాలము గుప్పెడు తవుడు వేయుము" అని చెప్పితిమి.

మూడవనాటికి నీరు పాలు కలిపినట్లు తెల్లబడెను. అయిదవనాడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచు ఆయాసపడుచుండెను. ఆరవనాడు మూడు, తొమ్మిదవనాటికి మిగిలినవన్నియు చనిపోయినవి. చనిపోయిన యొకదాని మొప్ప లెత్తి చూడగా అవి ఎఱ్ఱగా నుండవలసినది పోయి గోధుమరంగున నున్నవి. ఆ రంగు మాతో నేమి చెప్పుచున్నదో మాకపుడు తెలియదు. తెలియనివానికి తొందర యెక్కువ. తరగతి యంతయు వినుచుండగా ఆ బాలుని నిలువబెట్టి, "నీవు తెచ్చినవి రోగపు చేపలు, మేతయు మితిమీరి వేసితివి" అని మందలించితిమి. అతడు తల వంచుకొని, "తమరు చెప్పినంతే వేశానండీ" అని మెల్లగా ననెను. దానిని మేము ఎదురుమాటగా భావించి, తొట్టిపని అతనినుండి తీసివేసితిమి. నాటినుండి ఆ బాలుడు ఈ గదిలోనికి వచ్చినపుడు తొట్టివైపు చూచుట మానివేసెను.

రెండవ ప్రయత్నమున మరింత జాగ్రత్త పడితిమనుకొంటిమి. తొట్టిని బ్లీచింగు పొడితో తోమించితిమి. ఇసుకను ఉడికించి, ఎండబెట్టి, మరల కడిగించితిమి. బజారునుండి ఆరు బంగారుచేపలను కొనితెచ్చితిమి. ఈసారి ఎవరిని నమ్మక, మేము స్వయముగా చిటికెడు చొప్పున మేత వేసితిమి. పదునాలుగు దినములు గడువకమునుపే ఆ ఆరును చనిపోయినవి. ఆ సాయంకాలము ఖాళీతొట్టియెదుట కూర్చుండినపుడు మా మనస్సున కలిగిన సిగ్గును మాటలతో చెప్పలేము. చేపలు కాలువవి కావు; మేత వేసిన చేయి ఆ బాలునిది కాదు. అయినను ఫలితము ఒక్కటే యయ్యెను. కావున తప్పు మఱియొకచోట నున్నది.

మేము శిక్షణ కళాశాలలో చదువుకొనునపుడు మాకు బోధించిన పెద్దలొకరు, ప్రయోగము చెడినచో ముందుగా పద్ధతిని పరీక్షింపవలెను గాని విద్యార్థిని గాదని చెప్పుచుండెడివారు. ఆ మాటను పుస్తకములో వ్రాసికొంటిమి, పరీక్షలో వ్రాసి మార్కులు పొందితిమి. చేయవలసివచ్చినపుడు మాత్రము మరచితిమి. మరుసటి సెలవుదినమున బస్సెక్కి ఆ బాలుని గ్రామమునకు వెళ్లితిమి.

వారి యింటి పెరటిలో కొబ్బరిచెట్టు నీడను ఒక పాత సిమెంటుతొట్టి యుండెను. అందులో నాచు, అడుగున నల్లని యిసుక, దాని మీదుగా తిరుగుచున్న చిన్నచేపలు కనబడెను. బాలుని తాతగారు భీమవరము ప్రాంతపు చేపలచెరువులమీద చిరకాలము కూలిపని చేసినవారు. మేము జరిగినదంతయు చెప్పగా ఆయన ఇట్లనెను: "మాస్టారండీ, తమరు ఏమీ అనుకోకండి. తొట్టిని మరీ కడిగేశారండి. కొత్తగా తవ్విన చెరువులో ఎంటనే పిల్లేత్తే బతకదండి. ముందు నీరు రంగు తిరగాలండి. ఆ తరవాతే పిల్ల."

"మరి ఈ తొట్టిని ఎన్నినాళ్ల కొకసారి కడుగుదురు, తాతగారూ?" అని యడిగితిమి.

ఆయన నవ్వి, "మా ఆడోళ్లు తరవాణికుండని అడుగంటా తోమేత్తారాండీ? కొంచెం ఉంచుతారు, దాని మీదే కలి పోత్తారు. ఇదీ అంతేనండి. అడుగుమట్టి తీసేత్తే దాని సత్తువ పోద్దండి" అనెను.

ఆ మాట మా చెవిలో మ్రోగుచుండగా ఇంటికి వచ్చితిమి. తరవాణికుండను మేము చిన్ననాటినుండి ఎఱుగుదుము. కలినీళ్లు పులియుటకు కుండలో పాతది కొంత మిగిలియుండవలెనని మా అమ్మగారు చెప్పెడివారు. పాలు తోడుకొనుటకు తోడు కావలెనని యెఱుగని యిల్లు తెలుగుదేశమున లేదు. కాని చేపలతొట్టికి తోడు కావలెనన్న సంగతి మాకు తట్టలేదు. తరువాత కొన్ని వారములు పుస్తకములను తిరుగవేసి తెలిసికొన్న సంగతులను బాలబాలికల కర్థమగునట్లు ఇచ్చట సంగ్రహించుచున్నాము.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు దేహమున జీర్ణమైన పిదప మిగిలిన నత్రజని అమ్మోనియారూపమున, ముఖ్యముగా మొప్పలగుండ, నీటిలోనికి వెడలును. తినక మిగిలిన మేత క్రుళ్లినను అమ్మోనియాయే పుట్టును. నదిలోనైనచో అది ప్రవాహమున కలిసిపోవును. నాలుగు గాజుపలకల నడుమ అది పోవుటకు చోటులేదు. నీటిలో అమ్మోనియా రెండు రూపములతో నుండును: ఒకటి చేపకు అంతగా హానిచేయనిది, రెండవది విషము. నీరు వెచ్చబడినకొలది, క్షారగుణము హెచ్చినకొలది విషపుపాలు పెరుగును. 30 డిగ్రీల వేడిగల నీటియందు పీహెచ్ 7 అయినపుడు విషరూపము నూటికి ఒక పాలుకంటె తక్కువ; పీహెచ్ 8 అయినపుడు నూటికి ఏడుపాళ్లకు మించును. మన రాజమహేంద్రవరపు వేసవిలో తొట్టినీరు 30 డిగ్రీలు దాటుట వింతగాదు గనుక ఈ లెక్క మనకు ముఖ్యము.

ఈ అమ్మోనియాను ఆహారముగా గొను సూక్ష్మజీవులు కొన్ని యున్నవి. వానిలో ఒక తెగవారు అమ్మోనియాను ప్రాణవాయువుతో గలిపి నైట్రైటుగా మార్చుదురు. నైట్రైటును విషమే. అది చేప నెత్తురులోని ఎఱ్ఱని పదార్థమును ప్రాణవాయువు మోయలేనిదానిగ జేయును. నెత్తురు గోధుమరంగునకు తిరుగును. మేము ఆ పరిగె మొప్పలలో చూచిన రంగు ఇదియే! చేప నీటిలోనుండియు ఊపిరాడక చనిపోవుట ఇందువలననే. పిదప రెండవ తెగవారు ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చుదురు. నైట్రేటు కొంతవరకు హానిలేనిది, మొక్కలకు ఎరువు. ఈ యిరుతెగల పనివారును తగినంతమంది చేరినపుడే తొట్టి నివాసయోగ్యమగును. పచ్చిపేడను చేనికి వేయక పెంటలో మాగనిచ్చు రైతునకు ఈ న్యాయము క్రొత్తది గాదు.

అయితే వీరు మిగుల నిదానముగా వృద్ధిపొందువారు. అన్నమును పాచిపెట్టు సూక్ష్మజీవులు కొన్ని అరగంటకే రెట్టింపగును. అమ్మోనియాను దినువారు రెట్టింపగుటకు మంచి వసతిలోనే సుమారు ఒక దినము పట్టును. మూడవనాడు నీరు పాలవలె తెల్లబడినదంటిమి గదా, అది త్వరగా పెరుగు మొదటిరకపువారి గుంపు. మనకు కావలసిన పనివారు కారు. తెల్లదనమును జూచి భయపడి నీరంతయు పారబోసి తొట్టిని తోముట పలువురు చేయు పొరపాటు. మనకు కావలసినవారు నీటిలో తేలుచుండరు. ఇసుకరేణువులను, రాళ్లను, ఆకులను, గాజును అంటిపెట్టుకొని పలుచని జిగురుపొరగా జీవింతురు. మేము తొమ్మిదిసారులు ఇసుకను కడిగి వారిని ప్రవేశింపనీయలేదు. బ్లీచింగు పొడితో తోమి, ఉడికించి, మిగిలినవారినిగూడ నిర్మూలించితిమి.

ఈ జ్ఞానము లోకమునకు లభించిన చరిత్రయు చెప్పదగినది. 1877లో ఫ్రాన్సు దేశమున స్లోసింగు, మ్యూంట్సు అను నిరువురు శాస్త్రజ్ఞులు ఇసుకయు సుద్దయు నింపిన గొట్టముగుండ మురుగునీటిని మెల్లగా పోనిచ్చిరి. ఇరువది దినములవరకు ఏ మార్పును లేదు. పిదప నైట్రేటు కనబడ నారంభించెను. కేవలము రసాయనక్రియయే అయినచో ఇరువది దినము లేల యాగవలెను? అంతట వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపిరి; పని నిలిచిపోయెను. క్లోరోఫారమును తొలగించి, మంచి మట్టిని కడిగిన నీటిని కొంచెము పోసిరి. పని మరల నారంభమయ్యెను. కావున ఇది జీవులు చేయు పనియని తేలెను. చదువరులారా, ఆ గొట్టము మా తొట్టియే. క్లోరోఫారము మా బ్లీచింగు పొడియే. మట్టినీరు ఆ తాతగారి మాటయే.

దీనికంటెను ఆశ్చర్యకరమైన సంగతి మరియొకటి. లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిగడ్డిని ఒకే పాత్రలో నుంచి, క్రుళ్లిన ఆకులవలన నీరు చెడుచుండగా నత్తలను చేర్చి, ఆ మూటి పొత్తువలన నీరు నిలుకడగా నుండునని 1850లో ప్రకటించెను. అతని కుమారుడును రాబర్టు వారింగ్టనే. అతడు రోతంస్టెడు వ్యవసాయక్షేత్రమున పనిచేయుచు అమ్మోనియా నైట్రేటుగా మారుట రెండంతస్తులలో, వేర్వేరు జీవులవలన జరుగునని చూపెను; కాని ఆ జీవులను వేరుచేయలేకపోయెను. తండ్రి పైకి కనబడు పొత్తును జూపెను. కుమారుడు కనబడని పొత్తును వెదకెను. 1890లో వినోగ్రాడ్స్కీ యను రష్యా దేశీయుడు ఆ పనిని సాధించెను. ఇతర సూక్ష్మజీవులకు ప్రియమైన పోషకాహారమును పెట్టిన వీరు పెరుగరని గ్రహించి, కేవలము లవణములుగల ద్రావకమున వీరిని పెంచెను. వీరు అమ్మోనియావలన బలముగొని, బొగ్గుపులుసుగాలినుండి తమ దేహమును నిర్మించుకొందురు.

ఆ కథ అంతటితో ముగియలేదు. తొట్టిలో నైట్రైటును మార్చువారు నైట్రోబాక్టరు తెగవారని పాఠ్యపుస్తకములు చిరకాలము చెప్పెను. 1998లో మంచినీటి తొట్టులను పరీక్షించినవారు ఆ పనిని చేయుచున్నది నైట్రోస్పైరా తెగవారని కనుగొనిరి. 2015లో అమ్మోనియానుండి నైట్రేటువరకు రెండంతస్తుల పనిని ఒంటిగానే చేయగల నైట్రోస్పైరాలు ప్రకటింపబడెను. అందు కొన్ని చేపలపెంపకపు తొట్టియొక్క వడపోతనుండి లభించినవి. నూరేండ్లకు పైగా ఇరువురి పనియని తలచినదానిని ఒకరును చేయగలరని ఒక చేపలతొట్టి శాస్త్రజ్ఞులకు నేర్పినది. పుస్తకములో నున్నదంతయు తుదిమాట యని తలచు విద్యార్థులు దీనిని గమనింపవలెను.

ఇక వడపోత లేని తొట్టి విషయము. వడపోతయంత్రము గలచోట మోటారు నీటిని స్పంజిలోగుండ తోయుచుండును. సూక్ష్మజీవులు ఆ స్పంజిలో కాపురముండి ఆహారమును ప్రాణవాయువును కూర్చున్నచోటనే పొందును. విద్యుత్తు ఆగినచో వారికి ఊపిరాడదు. వడపోత లేనిచోట వారికి ఇసుక పైపొర, రాళ్లు, ఆకులు, గాజు మాత్రమే వసతి. నీటి ఉపరితలమునుండి మెల్లగా దిగు గాలియే ఊపిరి. 20 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. కావున ఇట్టి తొట్టిలో చేపలు కొద్దిగా, మొక్కలు విస్తారముగా నుండవలెను. మొక్కలు అమ్మోనియాను తామే పీల్చుకొని సూక్ష్మజీవుల భారమును తగ్గించును. వాని ఆకులు వారికి కాపురపుచోటుగూడ నగును.

ఇవన్నియు తెలిసికొని, 2022 ఆగస్టు 16వ తేదీన మూడవసారి ప్రారంభించితిమి. ముందుగా ఆ బాలుని పిలిచి, "మీ పెరటితొట్టినుండి రెండు దోసిళ్ల యిసుక తేగలవా?" అని యడిగితిమి. అతడు కొంతసేపు మా ముఖమును జూచి, "తెస్తానండీ" అనెను. మరునాడు అదే సత్తుబిందెలో ఆ తొట్టినీటితోనే, ఆరనీయక తెచ్చెను. పంపునీటిలో క్లోరిను చేపలకును సూక్ష్మజీవులకును శత్రువు గనుక, నీటిని వెడల్పుగంగాళములలో ఒక దినము నిలువయుంచి పోసితిమి. కడిగిన యిసుకమీద తోడు ఇసుకను పలుచగా చల్లితిమి. నాచును, నీటిగడ్డిని నాటితిమి. నాచుతో జలగలును, చేపపిల్లలను దిను తూనీగపురుగులును రాగలవు గనుక దానిని ముందుగా వేరు పాత్రలో వారముదినములుంచి పరీక్షించితిమి. చేపలను మాత్రము వేయలేదు. చేపలు లేని తొట్టిలో రెండుదినముల కొకసారి చిటికెడు మేత వేయుచు, అది క్రుళ్లి అమ్మోనియా పుట్టునట్లు చేసితిమి. పిల్లలకది వింతగా నుండెను. "ఎవరికండీ మేత?" అని యొక బాలిక యడిగెను. "కనబడనివారికి" అని చెప్పితిమి.

నీటిపరీక్షకు వలయు చుక్కలమందులను కొని, ఫలితములను వ్రాయుపని ఆ బాలునికి ఇచ్చితిమి. అతని నోటుపుస్తకము ఇప్పటికిని తొట్టి ప్రక్కనే యున్నది. దానిప్రకారము ఏడవనాడు అమ్మోనియా పదిలక్షల పాళ్లకు 2 పాళ్లు. ఎనిమిదవనాడు నైట్రైటు మొదటిసారి కనబడెను. పదునైదవనాడు అమ్మోనియా శూన్యము. నైట్రైటు మాత్రము హెచ్చుగా నుండెను. పిల్లలు తొందరపడి "ఇక వేద్దామండీ" అనిరి. ఆ బాలుడే, "ఇంకా ఒక విషం పోలేదు" అని వారినాపెను. ఇరువదినాలుగవనాడు నైట్రైటును శూన్యమయ్యెను, నైట్రేటు కనబడెను. అటుపైని మరియొక వారము మేతను రెట్టించి, అయినను రెండు విషములును తల యెత్తకుండుట చూచితిమి. ముప్పదిరెండవనాడు, అనగా సెప్టెంబరు 16వ తేదీన, మూడు పరిగెలను విడిచితిమి. పనివారి సంఖ్య ఆహారమునుబట్టి పెరుగును గనుక ఒక్కసారిగా చేపలను నింపక, రెండేసి వారముల వ్యవధితో ఎనిమిదికి చేర్చితిమి.

చేపలను విడిచిన దినముననే చేయవలసిన పని మరియొకటి మిగిలియుండెను. ఏ తరగతి యెదుట ఆ బాలుని మందలించితిమో ఆ తరగతి యెదుటనే నిలిచి, "జూనులో చేపలు చనిపోవుటకు ఇతడు కారణము కాదు. మేము చెప్పినంత మేతయే ఇతడు వేసెను. సిద్ధముకాని నీటిలో చేపలను విడిచినవారము మేము. ఇతనిని నిందించుట మా తప్పు" అని చెప్పితిమి. గదిలో కొంతసేపు నిశ్శబ్దముగా నుండెను. ఆ బాలుడు మరల తల వంచుకొనెను. కాని ఆ వంపు మునుపటిది కాదు. కొంతసేపటికి, "నీరు చల్లగా ఉందోలేదో చూసి వస్తానండీ" అని లేచి తొట్టియొద్దకు వెళ్లెను.

ఇండ్లలో ఇట్టి తొట్టిని పెట్టదలచువారికి మా యనుభవమున తేలిన కొన్ని నియమములను చెప్పుదుము. తొట్టి లోతుగా నుండుటకంటె వెడల్పుగా నుండుట మేలు. ఉదయపుటెండ చాలును, మధ్యాహ్నపుటెండ తగులరాదు. ఆరోగ్యముగల పాతతొట్టినుండి తోడు ఇసుక దొరకినచో ఆ దినమే, తడి యారకమునుపే వేయవలెను. దొరకనిచో విచారము లేదు; ఈ జీవులు మట్టియందును నీటియందును సర్వత్ర గలరు; కాని నాలుగారు వారము లోపిక పట్టవలెను. మేత రెండు నిమిషములలో తిని ముగించునంతయే వేయవలెను. వారమునకొకసారి నీటిలో అయిదవ వంతు తీసి, నిలువనీరు పోయవలెను. ఇసుకను ఒక్కమారుగా నెన్నడును కడుగరాదు. గాజుమీది పాచిని ముందువైపు మాత్రమే తుడిచి మిగిలిన మూడువైపుల వదలవలెను. చేప పైకి వచ్చి ఆయాసపడినచో మందులు వెదకక, ముందుగా మేత నాపి, కొంతనీరు మార్చవలెను.

ఈ పాఠము గాజుతొట్టితో ముగియునది కాదు. మన డెల్టాలో వరిచేలు చెరువులైనవి; చెరువులు బ్రదుకుతెరువులైనవి. భీమవరము, ఆకివీడు ప్రాంతములకు బోవు విద్యార్థులు చెరువులలో తిరుగు ఏరేటర్లను చూచియే యుందురు. రొయ్యలచెరువుల రైతులును నీటిలో అమ్మోనియాను, నైట్రైటును పరీక్షించుచుందురు. రాత్రివేళ విద్యుత్తు పోయినచో వారు గుండె చేతబట్టుకొని జనరేటరువైపు పరుగెత్తుదురు. వారి భయము మా తొట్టిలోని భయమే. దానివలన కలుగు నష్టము మాత్రము పెక్కు రెట్లు పెద్దది. ఎంతమందికి ఆహారము పెట్టుచున్నామో అంతమంది మలినమును మోయు కనబడని పనివారు ఆ నీటిలో నుండవలెనన్న న్యాయము చెరువునకును, కాలువకును, నదికిని ఒక్కటే. కాలువలో మురుగును పోయువారు ఆ పనివారిమీద మోయలేని బరువును వేయుచున్నారని మన పిల్లలు తెలిసికొనవలెను.

ఆ బాలుడు 2025లో పదవతరగతి ముగించి మా పాఠశాల విడిచెను. వీడ్కోలునాడు మాయొద్దకు వచ్చి, "మాస్టారండీ, వానలకి మా పెరటితొట్టి బీటిచ్చి నీరంతా పోయిందండి. తాతయ్య కొత్తది కట్టించాడు. మన తొట్టి ఇసుక రెండు దోసిళ్లు ఇప్పిస్తారాండీ?" అని యడిగెను. మేము స్వయముగా చేయి ముంచి తీసి ఇచ్చితిమి. వారింటి తోడు మా తొట్టిలో మూడేండ్లు పెరిగి మరల వారింటికే చేరెను. ఈ వర్షాకాలమున ఎఱ్ఱనీరు దిగిన తరువాత ఆ తొట్టిని చూడవలసినదని తాతగారు కబురంపియున్నారు. వెళ్లుదుము.